పటేలు తుపాకికి సీదా గొట్టం

ఆదర్శ విహార్ కాలనీ సంక్షేమ సంఘం ప్రథమ వార్షికోత్సవం 1985 ఫిబ్రవరిలో అత్యంత జయప్రదంగా జరిగిందని సంఘం మినిట్సు పుస్తకంలో రాసి ఉంది. రాసిన మాట అబద్ధం కాదు. ఆ రోజు ఒక్క తూటా తప్ప మిగిలినవన్నీ అనుకున్న చోటికే చేరాయి. దండలు మెడల్లోకి చేరాయి. కుర్చీలు సంఘం పెద్దల కిందికి చేరాయి. ముఖ్య అతిథి గారు కూడా అందరూ అనుకున్నట్టే రెండున్నర గంటలు ఆలస్యంగా చేరారు.

కాలనీ ఎల్.బి.నగర్ చౌరస్తా దాటి మన్సూరాబాద్ వైపు పోయే దారిలో ఉంది. మూడేళ్ల కిందటి దాకా అక్కడ జొన్నలు పండేవి. తర్వాత గజాలు పండడం మొదలైంది. లేఅవుట్ నక్షాలో నలభై అడుగుల మెయిన్ రోడ్డు, పార్కు, పోస్టాఫీసు, మహిళా మండలి భవనం నీలి సిరాతో చక్కగా గీసి ఉన్నాయి. వాటిలో రోడ్డు మాత్రం నేల మీద కూడా ఉండేది. ఇళ్లు నూట ఇరవై. కొన్నిటికి తలుపులు కూడా బిగించారు. లేనిదల్లా సిటీ బస్సు. ఆఫీసులకు వెళ్లేవాళ్లు టిఫిన్ డబ్బాలు పట్టుకుని చౌరస్తా దాకా నడిచి, అక్కడ బస్సులు కిక్కిరిసి ఆగకుండా పోతుంటే చెయ్యి ఊపి సాగనంపి, మళ్లీ దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచేవాళ్లు. ఆరోగ్యాలు బాగుండేవి.

ఆ జొన్నచేను సీతారాములు పటేలుది. నలభై ఏడేళ్ల మనిషి. చేను మొత్తం అమ్మాక ఆయనకు మిగిలినవి ఒక పెంకుటిల్లు, ఒక కొట్టం, అందులో ఒక బర్రె, తల్లి బుచ్చవ్వ, తాతగారి వేట తుపాకి. ఆ తుపాకికి సరైన లైసెన్సు ఉంది. వేటాడడానికి మాత్రం ఏమీ లేదు. వేట నేరమని ప్రభుత్వం చట్టం చేసింది. చట్టం తెలియని అడవి పందులు కూడా ప్లాట్లు పడ్డాక నష్టపరిహారం అడగకుండా మర్యాదగా వెళ్లిపోయాయి. అయినా కాలనీలో ఆయన్ని ‘తుపాకి పటేలు’ అనేవాళ్లు. ఆ రెండు మాటలు వినబడినప్పుడు సీతారాములు నడుము కొంచెం నిటారు అయ్యేది. భూమి పోయాక మనిషిని ఏదో ఒకటి నిటారుగా నిలబెట్టాలి కదా.

అందుకే వార్షికోత్సవం నాడు పటేలు చేత తుపాకి పేల్పించాలని సంఘం అధ్యక్షులు విశ్వేశ్వరరావు గారు నిర్ణయించారు. ఆయనది తెనాలి దగ్గర ఊరు. ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు. ‘పద్ధతి’ అన్న మాట లేకుండా వాక్యం పూర్తి చేసేవారు కాదు. పోలీసుల అనుమతి పద్ధతి ప్రకారం తెచ్చారు. కాలనీ అవతల పాత రాతి క్వారీ గోడ ముందు గుంజ పాతి కుండ కట్టించారు. నూరడుగుల దూరం నుంచి, అనగా పటేలు అడుగులతో నూరు, సీతారాములు దాన్ని పగలగొట్టాలి.

ముఖ్య అతిథి గారు మైకు అందుకున్నారు.

“సోదర సోదరీమణులారా! ఈ కాలనీ ఎప్పుడూ నా హృదయంలోనే ఉంది. హృదయంలో ఉన్నందువల్లనే దారి కనుక్కోవడం ఆలస్యమైంది. మీ బస్సు సమస్య నా సమస్య. పటేలు గారు ఆ కుండ పగలగొట్టిన మరుక్షణం ఈ కాలనీకి బస్సు మంజూరు చేయిస్తానని ఈ వేదిక మీద నుంచి మాట ఇస్తున్నాను!”

సీతారాములు ఊపిరి బిగబట్టాడు. గురి కుదిరింది. తుపాకి పేలింది. కుండ కదలలేదు. చాలా ఎడంగా, కుండతో ఏ సంబంధమూ లేకుండా నిలబడి ఉన్న సంఘం వారి మంచినీళ్ల ట్యాంకుకు బెజ్జం పడింది. అందులోంచి చుక్క నీరు కారలేదు. ట్యాంకు పూర్తయిందని, నిండిందని, నీరు రుచిగా ఉందని అంతకు ముందు మూడు వేర్వేరు తీర్మానాలు జరిగి ఉన్నందున జనం కాసేపు బెజ్జం వైపూ, కాసేపు అధ్యక్షుల వైపూ చూశారు.

“వచ్చే ఏడాది చూద్దాం” అని ముఖ్య అతిథి గారు జీపెక్కారు.

మర్నాటి నుంచి తుపాకి పటేలు ‘ట్యాంకు పటేలు’ అయ్యాడు. చౌరస్తాకు నడిచేవాళ్లు ఆయన ఇంటి ముందుకు రాగానే చెప్పుల చప్పుడు పెంచేవాళ్లు. సీతారాములు మూడు రోజులు గడప దాటలేదు. బుచ్చవ్వ ఓదార్చింది.

“మీ తాత కొడితే పంది పడేది బిడ్డా. నువ్వు కొడితే ట్యాంకు కూడ పడలే. గంతే గద, గంత పరేషాన్ ఎందుకు?”

“గురి మంచిగనే వెట్టిన అవ్వా. తుపాకే తప్పు కొట్టింది.”

“అందరూ గట్లనే అంటరు” అని ఆవిడ జొన్నరొట్టె పెట్టింది.

నాలుగోనాడు సంఘం కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. కుండ పగిలితేనే బస్సు వస్తుంది. కుండ పగలాలంటే తుపాకి బాగుపడాలి. కనుక తుపాకిని బాగు చేయించడం ప్రజా రవాణా కిందికి వస్తుందని విశ్వేశ్వరరావు గారు తర్కబద్ధంగా నిరూపించారు. సగం ఖర్చు సంఘం భరిస్తుంది. ఏ పద్దులో రాయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆయన ఒక్క క్షణమే ఆలోచించారు. మురుగు కాలువ కోసం ‘గొట్టాలు’ అనే పద్దు ఉంది. తుపాకిలో చెడిందీ గొట్టమే. ఇంతకన్నా పద్ధతిగా ఏముంటుంది?

సీతారాములు తుపాకిని దుప్పట్లో చుట్టి, లైసెన్సు కాగితం జేబులో పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కాడు. ఎవరూ వింతగా చూడలేదు. ఆ రోజుల్లో ఆ దారిన బస్సెక్కే ప్రతి మనిషి చేతిలోనూ కట్టుకుంటున్న ఇంటికి సంబంధించిన గొట్టమో, కిటికీ చట్రమో ఉండేది. కండక్టరు దుప్పటిని తడిమి, “కర్టెన్ రాడ్డా? ఎన్ని కిటికీలు?” అని లగేజి టికెట్టు కొట్టాడు.

మలక్‌పేటలో రేసుకోర్సు వెనకాల ఒక గల్లీలో ఖుద్దూస్ ఉస్తాద్ దుకాణం ఉంది. తుపాకులు బాగు చేయడానికి సర్కారు ఇచ్చిన కాగితం అద్దం కట్టించి గోడకు పెట్టుకున్నాడు. డెబ్బై ఏళ్ల ముసలాయన, గడ్డం తెల్లగా, వేళ్లు నల్లగా. తుపాకి వెనక భాగం ఊడదీసి, గొట్టాన్ని వెలుగుకు పెట్టి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

“పటేలా, గీ నాలీల, గీ గొట్టంల, జిలేబీ చుట్లలెక్క సన్న గీతలుండాలె. తూటా వాటిల్ల తిరుక్కుంట పోతేనే సీదా పోతది. గీండ్ల అన్నీ అరిగిపోయినయి. మీ తాత మస్తు కొట్టిండు, ఒక్కనాడు గూడ తుడవలే. గోలీ ఎటు పోవాల్నో గోలీకే తెల్వదు.”

సీతారాములు కళ్లలో నీళ్లు తిరిగాయి. దుఃఖంతో కాదు. “అయితే నా గురి తప్పు కాదన్నట్టు!” అన్నాడు.

“నీ గురి సంగతి నాకెట్ల తెలుస్తది? నాలీ సంగతి జెప్పిన.”

విదేశీ గొట్టం కొత్తది తెప్పిస్తే ఎంతవుతుందో ఉస్తాద్ చెప్పాడు. ఆ సొమ్ముతో మన్సూరాబాద్‌లో కార్నర్ ప్లాటు వస్తుందని సీతారాములు లెక్క కట్టాడు. అమ్మిన చేను మళ్లీ కొన్నట్టు ఉంటుంది. ఉస్తాద్ నవ్వి, అటక మీది నుంచి ఒక పాత తుపాకి దించాడు. అదే కంపెనీ, అదే అచ్చు. కట్టె మొత్తం చెదలు తినేశాయి. గొట్టం మాత్రం లోపల పెళ్లికూతురి గాజులా మెరుస్తోంది.

“ఒక జాగీర్దార్ సాబ్‌ది. ఆయనకు చప్పుడంటే భయం. జిందగీ మొత్తంల మూడే గోలీలు కొట్టిండు, అవి కూడ చెవుల్ల దూది పెట్టుకోని. నాలీ మూతి కాడ జర దెబ్బ తగిలింది. రెండు వేళ్లంత కోసేసి మూతి సాపు చేస్త. నీ తుపాకికి ఎక్కిస్త. సస్తాల అయితది, పక్కా అయితది.”

అయితే గొట్టం మారిస్తే గొట్టం మీది నంబరు మారుతుంది. నంబరు మారితే లైసెన్సు మారాలి. లైసెన్సుల ఆఫీసులో గుమాస్తా దరఖాస్తు చదివి, పాత గొట్టం చెడిందనడానికి సాక్ష్యం అడిగాడు. సీతారాములు ట్యాంకు సంగతి చెప్పాడు. ట్యాంకు సంగతి రాతపూర్వకంగా కావాలన్నాడు. విశ్వేశ్వరరావు గారు సంఘం లెటర్‌హెడ్ మీద, ‘సదరు గొట్టము కుండను ఉద్దేశించి ట్యాంకును కొట్టినదని, అట్టి ట్యాంకు నిండుగా ఉన్నప్పటికీ నీరు బయటకు రాలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది’ అని రాసిచ్చారు. ఆ కాగితం ఎండాకాలంలో లోపలికి వెళ్లి, వానలు వెలిశాక బయటికి వచ్చింది. సీతారాములు ఆ ఆఫీసుకు పదిహేడుసార్లు వెళ్లాడు. పద్దెనిమిదోసారి వెళ్లినప్పుడు పంపు పైపుల దరఖాస్తుల బొత్తిలో దొరికింది. గొట్టాలన్నీ ఒక చోటే పెట్టారు.

అనుమతి వచ్చాక ఉస్తాద్ పని మొదలుపెట్టాడు. ఆ పని చూడడానికి సీతారాములు వారానికి రెండుసార్లు మలక్‌పేట వెళ్లేవాడు. పొలం పోయినప్పటి నుంచి ఒక మనిషి ఒక పనిని అంత శ్రద్ధగా చేయడం ఆయన చూడలేదు. తూటా కూర్చునే చోటు వెంట్రుకంత ఎక్కువైనా తక్కువైనా ఉస్తాద్ ఒప్పుకునేవాడు కాదు. కొలిచేవాడు, తీసేవాడు, మళ్లీ కొలిచేవాడు. ఆఖరున గొట్టానికి దీపం మసి పూసి కట్టెలో కూర్చోబెట్టి, ఎత్తి చూశాడు. మసి అంటిన చోటల్లా కట్టెను సన్నగా గీకాడు. మళ్లీ మసి, మళ్లీ గీకుడు. నాలుగు రోజులు అదే.

“గిదంత ఎందుకు ఉస్తాద్? ఆనితే ఏమైతది?”

“కట్టె నాలీని ముట్టొద్దు. ముట్టిందనుకో, వేడెక్కినప్పుడు ఒక దిక్కు నూకుతది. పక్కపక్కనే ఉండాలె, ఒకరి మీదొకరు పడొద్దు.” అంటూ ఉస్తాద్ జేబులోంచి రెండు రూపాయల నోటు తీసి, గొట్టానికీ కట్టెకూ మధ్య దూర్చి, ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగాడు. నోటు ఎక్కడా ఆగలేదు. “గిప్పుడు ఠీక్.”

తుపాకి చేతిలో పెడుతూ ముసలాయన ఇంకో మాట కూడా అన్నాడు. “నాలీ సీదాగున్నది పటేలా. ఇగ తప్పు అయితే అది నీదే.”

ఆ మాటకు సీతారాములు సంతోషించాడు. బస్సులో కూర్చున్నాక కొంచెం భయం వేసింది.

గురి సరిచేయడం మిగిలింది. తూటాలు ఏడాదికి ఇన్నేనని లైసెన్సులో కట్టడి. కనుక తూటా ఖర్చు లేకుండా చేసే ఉపాయం ఉస్తాద్‌కు తెలుసు. తుపాకిని కదలకుండా నిలిపి, వెనక భాగం తీసి, గొట్టంలోంచే దూరంగా ఉన్న గుర్తును చూడాలి. గొట్టంలో కనిపించిందీ, పైన గురి ముల్లుకు అందిందీ ఒకటే అయితే సగం పని అయినట్టే. ఒక ఆదివారం పొద్దున ఉస్తాద్ ఆటోలో కాలనీకి వచ్చి, “దూరంల తెల్లటి గుర్తు ఏమన్న ఉన్నదా?” అన్నాడు.

“ఉన్నది. మెయిన్ రోడ్డు ఆ కొసకు హద్దురాయి. సున్నం కొట్టి ఉన్నది. ప్లాట్లు చేసిన్నాడు ఈ కొస రాయికి, ఆ కొస రాయికి తాడు వట్టింది నేనే. రోడ్డు అంచు నూలుపోగు లెక్క ఉంటది.”

“ఈ కొస రాయి ఏది?”

సీతారాములు తల గోక్కున్నాడు. తర్వాత ఉస్తాద్‌ను కొట్టంలోకి తీసుకుపోయాడు. రాయి అక్కడుంది. బర్రెను దానికే కట్టేశారు. కొట్టం కట్టిన రోజు మేస్త్రీ గోడ ఎక్కడ పెట్టాలని అడిగితే బర్రె అడ్డంగా నిలబడి ఉందనీ, బర్రెను జరపడం ఇష్టం లేక గోడను జరిపామనీ సీతారాములు వివరించాడు. ఉస్తాద్ బర్రెను విప్పి బయటికి పంపి, రాయి మీద ఇసుక సంచీ వేసి, దాని మీద తుపాకి పెట్టి, కొట్టం తడిక తలుపు తీయించాడు. రోడ్డు పొడవునా చూపు సారించి, గొట్టంలోకి తొంగి చూశాడు.

“రాయి లేదు. ఇటుకలున్నయి.”

సీతారాములు చూశాడు. నిజమే. గొట్టం చివరి గుండ్రటి వెలుగులో ఎర్రటి గోడ ఒకటి నిండుగా ఉంది. పదో ఇల్లు. సంగతి కాలనీలో పాకింది. కాసేపట్లో కొట్టం ముందు క్యూ కట్టారు. ఒక్కొక్కరూ పేడ తప్పించుకుంటూ లోపలికి వచ్చి, ఒక కన్ను మూసి, చూసి, బయటికి వెళ్లి, తమ ఇంటి గోడ వైపు ఒకసారి చూసుకుని, పని ఉందని వెళ్లిపోయారు. చివరికి అధ్యక్షులు విశ్వేశ్వరరావు గారు సతీసమేతంగా వచ్చారు. లుంగీ పైకి కట్టి, వంగి చూశారు.

“ఇటుకలు కనిపిస్తున్నాయండీ” అన్నారు.

“ఎవరివి సార్?” అన్నాడు సీతారాములు.

“ఇటుకలకు పేర్లుంటాయా పటేల్ గారూ?”

ఆయన భార్య కుసుమకుమారి కూడా వంగి చూశారు. ఆవిడ ముఖం వికసించింది. “ఏవండీ, మన గోడేనండీ! పొద్దున నేను ఆరేసిన గళ్ల చీర కూడా కనిపిస్తోంది. ఎంత స్పష్టంగా ఉందో!”

విశ్వేశ్వరరావు గారు లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు. “గొట్టం వంకరగా ఉందండీ. పద్ధతిగా లేదు. చవకలో చేయిస్తే ఇలాగే ఉంటుంది.”

డెబ్బై ఏళ్ల ఉస్తాద్ గడ్డం అదిరింది. “నా నాలీ వంకర కాదు సాబ్. మీ సడక్ వంకర!” అని తుపాకి తీసుకుని, సీతారాములును వెంటబెట్టుకుని సీదా క్వారీకి నడిచాడు. అక్కడ రాతి గోడ మీద సుద్దతో గుర్తు పెట్టి గురి సరిచేశాడు. తర్వాత సీతారాములు నూరడుగుల నుంచి అయిదు తూటాలు కాల్చాడు. అయిదూ ఒక తమలపాకు వెడల్పులో పడ్డాయి. ఉస్తాద్ పరిగెత్తలేని కాళ్లతో పరిగెత్తి వెళ్లి, ఆ అయిదు మచ్చల మీద అరచెయ్యి పెట్టి, కాసేపు అలాగే నిలబడ్డాడు.

రెండో వార్షికోత్సవం మొదటిదానికన్నా జయప్రదంగా జరిగింది. ముఖ్య అతిథి గారు రెండు గంటలే ఆలస్యమయ్యారు. సీతారాములు తుపాకి ఎత్తాడు. జనంలో ట్యాంకు వైపున్న వాళ్లు ముందు జాగ్రత్తగా ఇటువైపు జరిగారు. తుపాకి పేలింది. కుండ అక్కడ లేదు. పెంకులు ఉన్నాయి.

ఆనందం కట్టలు తెంచుకుంది. విశ్వేశ్వరరావు గారు పటేలును కావలించుకుని, గొట్టం వంకరని తాను ఎన్నడూ నమ్మలేదని చెప్పారు. ముఖ్య అతిథి గారు, “ఇది మీ విజయం కాదు, నా విజయం!” అని సత్యమే పలికారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. ఇలాంటివి అరుదుగా జరుగుతాయి గనుక నమోదు చేస్తున్నాం. పదిహేను రోజుల్లో బస్సు మంజూరు కాగితం వచ్చింది. దారి తనిఖీ చేయడానికి లచ్చయ్య అనే ఉద్యోగి వచ్చాడు. తక్కువ మాట్లాడే మనిషి. చంకలో పొడవాటి టేపు ఉంది.

“బస్సు ఎనకకు మలగాలె, ఎదురుంగ ఇంకోటి రావాలె. ముప్పై అడుగులన్న ఉండాలె” అన్నాడు.

“నలభై ఉందండీ” అని విశ్వేశ్వరరావు గారు నక్షా విప్పారు.

లచ్చయ్య నక్షాను గౌరవంగా చూసి, మడిచి ఇచ్చేసి, టేపు తీశాడు. గోపయ్య కిరాణా దుకాణం మెట్ల దగ్గర ఇరవై ఏడు అడుగులు వచ్చింది. కుడివైపు మేడల వరండాల దగ్గర ఇరవై అయిదు. పటేలు కొట్టం దగ్గర ఇరవై ఆరు. అధ్యక్షుల ఇంటి ముందు ఇరవై రెండు. “గోడలు ఎనకకు తీసుకుంటే నెలరోజుల్ల బస్సొస్తది” అని చెప్పి అతను వచ్చిన దారినే నడిచి వెళ్లిపోయాడు. బస్సు లేదు కదా.

సర్వసభ్య సమావేశానికి అంత మంది ఎప్పుడూ రాలేదు. విశ్వేశ్వరరావు గారి ప్రసంగం ముప్పావు గంట సాగింది. గోడలు ముందుకు రాలేదనీ, నేల కొత్తది గనుక ఎండలకు రోడ్డే కుంచించుకుపోయిందనీ ఆయన వివరించారు. గోపయ్య లేచి, తన మెట్లు గిరాకీలు ఎక్కడానికే తప్ప తాను ఎక్కడానికి కాదు గనుక అవి ప్రజల ఆస్తి కిందికి వస్తాయన్నాడు. ఇంకొకాయన, అసలు ఈ గొడవంతా ఆ గొట్టంలోంచి చూడబట్టే వచ్చిందనీ, చూడక ముందు రోడ్డు బాగానే ఉండేదనీ గుర్తు చేశాడు. సభ ఆలోచనలో పడింది.

అప్పుడు సీతారాములు లేచాడు. ఆయనకు ప్రసంగాలు రావు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

“తాడు వట్టింది నేనే. రోడ్డు నలభై ఉండే. నా కొట్టం గోడ నాలుగడుగులు ముందట్కి ఒచ్చింది. బర్రె మీద పెట్టిన గని, తప్పు నాదే. రేపు తీసేస్త. మీరు గూడ తీసేస్తే మనకు బస్సొస్తది. గంతే.”

చప్పట్లు రెండు నిమిషాలు మోగాయి. చప్పట్లకు ఎవరి గోడా పడిపోదు. తర్వాత సభ ఏకగ్రీవంగా తీర్మానించింది: మంజూరైన బస్సు మన రోడ్డుకన్నా వెడల్పుగా ఉన్నందున, ఇంతకన్నా సన్నని బస్సు పంపవలసిందిగా ప్రభుత్వాన్ని కోరడమైనది. రెండో తీర్మానం ప్రకారం తుపాకి గొట్టంలోంచి రోడ్డు వైపు చూడడం కాలనీలో నిషేధం.

మర్నాడు పొద్దున సీతారాములు గడ్డపార అందుకున్నాడు. బుచ్చవ్వ అడ్డం వచ్చింది.

“ఊరందరి గోడలు నిలబడి ఉంటే నీ ఒక్కని గోడకే ఏం రోగమొచ్చిందిరా?”

“నాలీ సీదాగ ఉన్నదవ్వా. ఇగ తప్పైతే నాదేనంట.”

ఆవిడకు అర్థం కాలేదు. కాసేపు కొడుకు ముఖంలోకి చూసింది. అక్కడ ట్యాంకు దెబ్బ తర్వాత కనిపించకుండా పోయిందేదో మళ్లీ కనిపించినట్టుంది. కొంగు నడుముకు బిగించి, “అయితే ఇటుకలు పలగ్గొట్టకు, పనికొస్తయి” అని, ఊడిన ఇటుకలను తానే ఒక పక్కన పేర్చడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి గోడ హద్దు లోపలికి వెళ్లింది. బర్రె కొంచెం ఇరుకైనా సర్దుకుంది. సాయంత్రం వీధి చివర నుంచి చూసుకుంటే పటేలు ఇంటి ముందు రోడ్డు హాయిగా ఊపిరి పీల్చుకున్నట్టు ఉంది. తాతగారు పోయాక ఆయనకు ఆ రాత్రి పట్టినంత మంచి నిద్ర ఎప్పుడూ పట్టలేదు.

ఆ ఆదివారమే సంఘం ఆయనకు శాలువా కప్పింది. పటేలు గారి త్యాగం చూసి మనమంతా నేర్చుకోవలసింది చాలా ఉందని విశ్వేశ్వరరావు గారు అన్నారు. ఎప్పుడు నేర్చుకోవాలో తేదీ ప్రకటించలేదు. సీతారాములు ఒకటో వారం ఎదురుచూశాడు, రెండో వారం ఎదురుచూశాడు. ఏ ఇంటి ముందూ గడ్డపార చప్పుడు వినిపించలేదు. మూడో వారం సరూర్‌నగర్‌లో మేనకోడలి పెళ్లి ఉంటే తల్లిని తీసుకుని వెళ్లి, అయిదు రోజులుండి వచ్చాడు.

వచ్చేసరికి తాను వదిలిన నాలుగడుగుల జాగాలో ఒక గది లేచి ఉంది. నాలుగడుగులు చాలనందున రోడ్డులోకి మరో నాలుగు తీసుకున్నారు. తడి సున్నం మీద ‘ఆదర్శ విహార్ కాలనీ సంక్షేమ సంఘం కార్యాలయం’ అని ఎర్ర రంగుతో రాస్తున్నారు. విశ్వేశ్వరరావు గారు కుర్చీ వేసుకుని అక్షరాలు వంకర పోకుండా చూస్తున్నారు.

సీతారాములు చేతిలోని సంచీ అక్కడే దింపాడు.

“ఏంది సార్ గిది? గా జాగా నేను రోడ్డుకు ఇడిసిన గదా!”

విశ్వేశ్వరరావు గారు లేచి, ఆయన భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు. “మీ మంచితనం మాకు తెలియదా పటేల్ గారూ? కానీ రోజులు బాగాలేవండీ. అలా ఖాళీగా వదిలేస్తే ఎవరో ఒకరు ఆక్రమించేస్తారు. అందుకే పద్ధతి ప్రకారం మనమే ఏదో ఒకటి కట్టేశాం.”

సీతారాములు గది వైపు చూశాడు. అధ్యక్షుల వైపు చూశాడు. ఆ మాటలో తప్పు ఎక్కడుందో పట్టుకుందామని చాలాసేపు ప్రయత్నించాడు. దొరకలేదు. ఉన్నట్టుండి ఆయనకు నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారేలా, కొట్టంలో బర్రె తలెత్తి చూసేలా నవ్వాడు. ఆ నవ్వు ఆగకుండానే లోపలికి వెళ్లి, తుపాకి తుడిపించే వంకతో దాన్ని దుప్పట్లో చుట్టుకుని మలక్‌పేట వైపు బయల్దేరాడు. ఉస్తాద్‌తో కలిసి చాయ్ తాగుతూ చెప్పుకోవలసిన కథ అది.

బస్సు ఇప్పటికీ రాలేదు. ప్రతి పొద్దునా ఆదర్శ విహార్ వాసులు టిఫిన్ డబ్బాలతో చౌరస్తాకు నడుస్తూనే ఉన్నారు. పక్కపక్కన నడవడానికి చోటు లేదు గనుక ఒకరి వెనక ఒకరుగా, గోడలకు భుజాలు రాసుకుంటూ, ఈ ప్రభుత్వానికి మన మీద దయ లేదని ముందువాడు అంటే వెనకవాడు తల ఊపుతూ పోతుంటారు. మీరూ తల ఊపే ఉంటారు. ఊపండి, పరవాలేదు. మీ ఇంటి మెట్లు మాత్రం కొంచెం చూసుకుని దిగండి, కింద రోడ్డుంది.